డౌన్‌లోడ్ల లెక్కలో పొల్లెంత?

పరిశోధన పత్రాలను పైసా అడగకుండా అందరి ముందూ పెట్టే ఆన్‌లైన్ భాండాగారాలను బేరీజు వేయడానికి చేతికి సులువుగా దొరికే కొలమానం డౌన్‌లోడ్ల సంఖ్య. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, తన శాస్త్రవేత్తల పత్రాలను సంస్థ భాండాగారంలో ఉంచాలని 2009లో నిబంధన పెట్టుకుంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు ఇవ్వాలని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) నియమం తెచ్చిందీ అదే ఏడాది. ఉస్మానియా, ఆంధ్రా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఇప్పుడు జాతీయ థీసిస్ భాండాగారమైన శోధ్‌గంగలో దొరుకుతున్నాయి. ఖర్చయ్యేది ప్రజాధనం కనుక ఎందరికి ఉపయోగపడుతున్నాయని అడగడం సబబే. చిక్కంతా జవాబు చెప్పే తీరులో ఉంది.

ఏ ఫైలును, ఎప్పుడు, ఏ ఐపీ చిరునామా నుంచి అడిగారో సర్వర్ చిట్టాలో రాసుకుంటుంది. అడిగింది మనిషో యంత్రమో దానికి పట్టదు. సెర్చ్ ఇంజన్లు నడిపే బాట్లు అనే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు ఫైళ్లను తోడుతూనే ఉంటాయి. ఐర్లాండ్‌లో ఒక విశ్వవిద్యాలయ భాండాగారాన్ని పరిశీలించి 2016లో వెలువరించిన అధ్యయనంలో 85 శాతం డౌన్‌లోడ్లు బాట్లవేనని తేలింది. బాట్లను తీయని అంకెను అలాగే వార్షిక నివేదికలో వేసుకోవడం పొల్లుతో సహా ధాన్యం తూచడమే. కౌంటర్ అనే అంతర్జాతీయ ప్రమాణం బాట్లను తీసేస్తుంది, ఒకే పాఠకుడు 30 సెకన్లలోపు మళ్లీ నొక్కితే ఒకటిగానే లెక్కిస్తుంది. బ్రిటన్ భాండాగారాలకు ఐరస్ సేవ 2012 నుంచి ఈ పద్ధతిలోనే ఉమ్మడి లెక్క కడుతోంది.

తక్కువ చూపే లెక్కలూ ఉన్నాయి. గూగుల్ అనలిటిక్స్ కోడ్ ఉండేది వెబ్ పేజీలో. గూగుల్ స్కాలర్ నుంచి నేరుగా పీడీఎఫ్‌కు వచ్చినవారు ఆ పేజీ తొక్కరు, లెక్కలోకీ రారు. ఒకే నెలకు రెండు పరికరాలు పొంతనలేని అంకెలు చూపేది ఇందుకే.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల లాంటి చోట లెక్కకూ అసలు వాడకానికీ మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. 2021-22లో మిర్చి తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు గురించిన పీడీఎఫ్‌ను వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) ఒకసారి దించుకుని రైతుల వాట్సాప్ గ్రూపులో పెడితే, ఊరంతా చదివినా సర్వర్‌కు తెలిసేది ఒక్క డౌన్‌లోడే. తాలిపేరు వాగు అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గూడేల్లో ఫోన్ నుంచి ఫోన్‌కు చేతులు మారే ఫైలు ఏ చిట్టాకూ ఎక్కదు. ఏజెన్సీ ప్రాంత భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టంపై వచ్చిన థీసిస్‌ను భద్రాచలంలో ఒక వకీలు భూమి కేసు కోసం తెరిస్తే అదీ ఒకటే, విద్యార్థి పొరపాటున నొక్కి మూసేసినా ఒకటే.

కాబట్టి ఈ అంకెలతో పరిశోధకులకు ర్యాంకులు కట్టడం అన్యాయం. భాండాగారం లోపాలు వెతకడానికి మాత్రం ఇవి బాగా పనికొస్తాయి. ఎవరూ తెరవని థీసిస్ అక్షరాలు వెతకడానికి వీల్లేని స్కాన్ ప్రతి కావచ్చు. కోయ గిరిజనుల గురించి రాసినా తెలుగులో నాలుగు ముక్కల సారాంశమైనా లేనిది కావచ్చు. ఏ పదాలతో వెతికినవారు ఉత్త చేతులతో వెనుదిరిగారో భాండాగారం సెర్చ్ రికార్డులో ఉంటుంది. లైబ్రేరియన్ నెలకోసారి చూడాల్సింది మొత్తం డౌన్‌లోడ్ల కన్నా ముందు ఆ జాబితానే.