సమాంతరమా, పాయలా?

మన విజ్ఞానశాస్త్రపు తెలుగులో నాకు ఏనాడూ మింగుడుపడని మాట ఒకటున్నది. విద్యుత్తు పాఠంలో వచ్చే ‘సమాంతర సంధానం’. వ్యాకరణరీత్యా దానికి వంక లేదు. సమ, అంతర శబ్దాలకు సవర్ణదీర్ఘసంధి. రెండు గీతల నడుమ ఎడం అంతటా సమానమని అర్థం. రేఖాగణితంలో అది ముత్యం వంటి మాట. విద్యుత్తులో మాత్రం తీగల నడుమ ఎడంతో పనే లేదు. పుస్తకంలోని బొమ్మకు ఆ పేరు అతుకుతుంది, బల్లమీది వస్తువుకు అతకదు.

ఇది పండితుడి చాదస్తమని తోసివేయకండి. ఇంజనీరింగు కళాశాలలున్న ఊరు గనుక మా వట్లూరులో బడిపిల్లలకు సైతం ఆర్డువినో పేరు కొత్త కాదు. పదవ తరగతి చదివే ఒక కుర్రవాడు చేపల చెరువులకోసం ఒక హెచ్చరిక యంత్రం తలపెట్టాడు. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. ఆ వేళ ఏరియేటరుకు కరెంటు పోయి, రైతు నిద్రలో ఉంటే, తెల్లవారేసరికి చేపలు తేలిపోతాయి. కొల్లేటి ప్రాంతంలో ఆ నష్టమేమిటో ఒకరు చెప్పనక్కరలేదు. కరెంటు పోయిన సంగతి ఒక బోర్డు కనిపెట్టాలి, రైతు ఫోనుకు సందేశం రెండవ బోర్డు పంపాలి. రెండింటికీ 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, స్విచ్చి ఒకటి.

“సమాంతరంగానే కలిపానండి మాస్టారూ, అయినా పనిచేయడం లేదు” అన్నాడు. చూడగా, మొదటి బోర్డు నుంచి రెండవదానికి ఎర్ర తీగ, నల్ల తీగ పక్కపక్కనే చక్కగా వేశాడు. అతని దృష్టిలో సమాంతరమంటే అదే! మొదటిది ఆర్డువినో ఉనో. దాని 5 వోల్టుల పిన్ను నుంచే రెండవదానికి పోషణ. రెండవదానిలోని సిమ్800ఎల్ మాడ్యూలుకు 3.4 నుంచి 4.4 వోల్టులే కావాలి గనుక నడుమ ఒక డయోడు పెట్టాడు. ఆ తెలివికి మెచ్చుకున్నాను. కాని ఆ మాడ్యూలు సందేశం పంపే క్షణాలలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఉనో మీది రెగ్యులేటరు అంత ఇవ్వలేదు. కబురు పంపవలసిన క్షణంలోనే, పంపమన్న బోర్డు మూర్ఛపోయి మళ్ళీ మొదటినుంచి లేస్తుంది.

గోదావరి, కృష్ణా కాలువలు కలిసే ఏలూరు పక్కన పుట్టిన పిల్లవాడికి ఇది చెప్పడానికి రేఖాగణితం దేనికి? పై చేను మీదుగా కింది చేనుకు నీరు పెట్టుకుంటే ఏమవుతుందో అతని తాతకు తెలుసు. పై చేను గట్టు తెగుతుంది. తూము ఒకటే ఉండనీ, దాని దిగువన కాలువ రెండు పాయలై ఎవరి బోదె వారికి ఉండాలి. తూము తలుపే స్విచ్చి. బ్యాటరీ తరువాత స్విచ్చి, స్విచ్చి తరువాత చీలిక. ఒక పాయలో 5 వోల్టులకు, మరొక పాయలో 4 వోల్టులకు దించే కన్వర్టరు. తూము తలుపు రెండు పాయల నీటినీ మోయాలి గనుక, స్విచ్చి మీద రాసిన ఆంపియర్లు రెండింటి మొత్తాన్ని మించి ఉండాలి. ఇంతే. కుర్రవాడికి రెండు నిమిషాలలో అర్థమైంది.

ఉపమానానికి హద్దున్నదని కూడా చెప్పాలి. చేలో పారిన నీరు మురుగు కాలువ పట్టి కొల్లేటికి పోతుంది, తిరిగి తూముకు రాదు. కరెంటు మాత్రం బ్యాటరీకి తిరిగి రావలసిందే. ఆ తిరుగుదారి రెండు బోర్డులకూ ఉమ్మడిగా ఉంటేనే ఒకదాని మాట మరొకదానికి తెలుస్తుంది. దానిని ఇంగ్లీషులో గ్రౌండ్ అంటారు. ఇక్కడ మనవారు ‘భూమి’ అని అనువదిస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. భూమి అనగానే పిల్లవాడి చూపు గోడమీది మూడు రంధ్రాల ప్లగ్గు వైపు పోతుంది. బ్యాటరీ ఆటకు, ఇంటి కరెంటుకు ముడిపెట్టే మాట ప్రమాదం. ‘తిరుగు తీగ’ అనండి, లేదా గ్రౌండ్ అనే ఉంచండి. స్విచ్చి మన విభక్తులన్నీ పెట్టుకొని తిరుగుతున్నది కదా, దానికి ‘మీట’ అని మారుపేరు ఎందుకు?

పరీక్షలో సమాంతరమనే రాయాలి గదా అంటారు. రాయనీయండి. 2020-21 నుంచి దశలవారీగా మన రాష్ట్రంలో ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. ఇంగ్లీషు మాట పక్కనే ఉన్నప్పుడు దాని నీడను తెలుగు పుటలో మళ్ళీ అచ్చువేయడం వలన ప్రయోజనమేమి? ఆ పుట పిల్లవాడికి తెలిసిన కాలువ గట్టు మీదుగా నడవాలి. ‘పాయల సంధానం’ అని నా ప్రతిపాదన.

ఇది డెల్టా వాడి మాట. చెరువు తూముల కింద సాగుచేసే సీమ మిత్రులు, నీరటి నీరు పంచగా చూసిన తెలంగాణ మిత్రులు, ఒక తూము నీరు రెండుగా చీలే చోటును తమ వైపు ఏమంటారో తెలియజేయగలరు.