ముగ్గేసే చేతికి డ్రాయింగ్ రాదా?

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలున్న ఇళ్లలో డ్రాయింగ్ షీటు గొడవ ఎలా ఉంటుందో ఆ తల్లులకు చెప్పక్కర్లేదు. లెక్కలు, ఫిజిక్స్ ఇంటర్లో చూసినవే. ఇది మాత్రం పూర్తిగా కొత్త. మినీ డ్రాఫ్టర్, 2హెచ్ పెన్సిలు, గొట్టంలో చుట్టిన షీట్లు మోసుకుంటూ శనివారం సాయంత్రం సాలూరు కాంప్లెక్సులో బస్సు దిగే పిల్లల మొహాలు చూస్తేనే తెలిసిపోతుంది.

మా అమ్మాయిదీ మొదటి నెలంతా ఒకటే పాట, "అమ్మా, నాకు బొమ్మలు రావు" అని. హాస్టల్లో దానికి మందు కూడా ఉందిట. జీటీ, అంటే గ్లాస్ ట్రేసింగ్. అద్దం కింద లైటు పెట్టి, సీనియర్ల షీటు మీద తన షీటు పరిచి దిద్దేయడమే. అందరూ అదే చేస్తారట.

నేను వద్దన్నాను. తప్పా ఒప్పా అన్న సంగతి అటుంచండి. దిద్దితే చేయి నడుస్తుంది కానీ, ఆ వస్తువు వెనకవైపు ఎలా ఉంటుందో బుర్రకెక్కదు. ఈ సబ్జెక్టులో నేర్చుకోవలసింది అదొక్కటే.

"ఇప్పుడంతా ఆటోక్యాడేగా వదినా, చేత్తో గీయడమేటి?" అన్నాడు మా మరిది. నిజమే, కంప్యూటరు గీత తిన్నగానే గీస్తుంది. ఏ గీత గీయాలో దానికి మనమే చెప్పాలి కదా! మన ఊళ్లో లారీ బాడీ కట్టే మేస్త్రి చెక్క కోసేముందు సుద్దముక్కతో గీసుకుంటాడు. ఏ ముక్క ఎక్కడ కూర్చుంటుందో ముందే ఆయన కళ్ల ముందుంటుంది.

18వ శతాబ్దంలో ఫ్రాన్సులో గాస్పార్ మోంజ్ ఈ విద్యకు రూపం ఇస్తే, కోటల నిర్మాణానికి పనికొస్తుందని అక్కడి సైన్యం కొన్నేళ్లు బయటికి పొక్కనివ్వలేదట. అంత గుట్టుగా దాచిన దాన్ని మనవాళ్లు అద్దం మీద దిద్దేస్తున్నారు!

సరే, ఏం చేశామో చెప్తాను. వంటింట్లో స్టీలు గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఎదురుగా చూస్తే పైన వెడల్పు, కింద సన్నం. పైనుంచి చూస్తే రెండు సున్నాలు, ఒకదాంట్లో ఒకటి. ఎదురుగా చూసిన బొమ్మ పైన, పైనుంచి చూసింది దాని కింద. అదే మన దేశంలో వాడే ఫస్ట్ యాంగిల్. అమెరికాలో దీనికి తలకిందులట. కాకరకాయను అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కోసి చూపిస్తే సెక్షన్ సంగతి తేలిపోయింది. కాయ కూరలోకి పోయింది.

ఇక ఐసోమెట్రిక్. మనం సంక్రాంతికి పెట్టే సందు చుక్కలు ఉన్నాయి చూడండి, పదిహేను నుంచి ఎనిమిదికి, వాటిని పక్కకు తిప్పితే అది ఐసోమెట్రిక్ కాగితమే. నడుమ ఒక చుక్క, చుట్టూ ఆరు పెట్టండి. ఆ ఆరూ వరసగా కలిపి, నడిమి చుక్క నుంచి ఒకటి విడిచి ఒకటి చొప్పున మూడు గీతలు గీయండి. పెట్టె లేచి నిలబడుతుంది! మా అమ్మాయి నోరు తెరిచింది. ఐదో తరగతి నుంచి వాకిట్లో ముగ్గేస్తున్న పిల్ల, "నాకు బొమ్మలు రావు" అంటే ఎలా నమ్మను?

షీట్లు ఇంకా ఆలస్యంగానే అవుతున్నాయి, మార్కులూ దిద్దినవాళ్లకే ఎక్కువ వస్తున్నాయి. దానికి కోపమే, నాకూ కోపమే. వచ్చే వారం డెవలప్‌మెంట్ ఆఫ్ సర్ఫేసెస్‌ట. విప్పి చూసుకోడానికి ఖాళీ స్వీటు డబ్బాలు నాలుగు అటక మీద దాచాను.