చిన్న లీగే అసలు బడి
పేరున్న ఆటగాడే మంచి కోచ్ అవుతాడన్న నమ్మకాన్ని ఇకనైనా వదులుకోవాలి. కెనడాకు చెందిన ఐస్ హాకీ మాజీ డిఫెండర్ జారెడ్ బెడ్నార్, ఆ ఆటలో అగ్రశ్రేణి లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. చిన్న లీగుల్లోనే ఆడుతూ, సౌత్ కరోలినా స్టింగ్‌రేస్ తరఫున 1997, 2001లలో కెల్లీ కప్ గెలిచాడు. కోచ్‌గా 2009లో అదే జట్టుకు అదే కప్పు, 2016లో మరో చిన్న లీగ్ జట్టు లేక్ ఈరీకి కాల్డర్ కప్పు సాధించిపెట్టాడు. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు కొలరాడో పగ్గాలు చేపట్టిన తొలి సీజన్‌లో 82 మ్యాచ్‌లకు గెలిచింది 22. జట్టు లీగ్‌లోనే అట్టడుగున నిలిచింది. అయినా యాజమాన్యం అతణ్ణి తప్పించలేదు. 2022లో ఆ జట్టుకు ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ దక్కింది. కింది మెట్టు నుంచి ఎక్కినవాడికే బెంచీ మీది ఆటగాడి కష్టం తెలుస్తుంది. కోచ్‌ను ఎంచుకునేటప్పుడు ఆ అనుభవాన్ని చూడాలి, ఎంచుకున్నాక గడువివ్వాలి. ఒక్క సీజన్ ఓడగానే వేటు వేస్తే నష్టపోయేది జట్టే.