రూపము మారినను అర్థము మారరాదు
ప్రోగ్రాము రచించువాడు మనస్సున ఒక సమితిని భావించి, యంత్రస్మృతిలో దానిని గడుల వరుసగాను, వానిలో ఎన్ని నిండినవో తెలుపు సంఖ్యగాను నిలుపునపుడు, ఆ మూర్తరూపము మూలభావమునకు తుల్యమేయని నిరూపించుటకు 1972లో కంప్యూటరు శాస్త్రజ్ఞుడు టోనీ హోర్ తన వ్యాసమున చూపిన మార్గము నేటికిని రాజమార్గమే. అందు ప్రతి మూర్తస్థితియు ఏ భావమునకు ప్రతినిధియో చెప్పు ప్రమేయ మొకటి, ప్రతి క్రియకు ముందును వెనుకను చెక్కుచెదరక నిలువవలసిన నియమ మొకటి కలవు. ఈ రెంటిలో నియమమే ప్రాణమని నా దృఢవిశ్వాసము. ఏలయన, వరుసలో ఒకే మూలకము రెండుమార్లు చేరరాదను నియమమును విస్మరించినచో, తొలగింపు క్రియ ఒక ప్రతిని మాత్రమే చెరిపి విరమించును, పోయినదని మనము నమ్మిన మూలకము లోపల సజీవముగనే యుండును, ఎన్ని పరీక్షలు జరిపినను, ఆ రెండవ ప్రతి చేరు సందర్భము తటస్థింపనిచో, దోషము బయటపడదు. ఇట్టి నిరూపణ ఆచరణసాధ్యము కాదనువారు పారిస్ నగరమున 1998లో ప్రారంభమైన చోదకరహిత మెట్రో 14వ మార్గమును పరికింపవలెను: దాని భద్రతకు మూలమైన ప్రోగ్రాములను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు అబ్రియాల్ కల్పించిన బీ-పద్ధతి ననుసరించి, అమూర్త నిర్దేశమునుండి మెట్టుమెట్టుగా దించుచు, ప్రతి మెట్టును గణితముచే నిరూపించి నిర్మించిరి. శ్రమ అధికమే, కాదనను. కాని ప్రయాణికుల ప్రాణములకంటె అది అధికము కాదు. కనుక రైళ్లకును, విమానములకును, వైద్యయంత్రములకును ప్రోగ్రాములు కొను ప్రభుత్వములు పరీక్షల పట్టికతో తృప్తి చెందక, ఈ నిరూపణను గూడ అడిగి తీసికొనవలెను.