ఆర్‌జే45 జాక్ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే

ఈథర్‌నెట్ పోర్టులో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దండగ ఖర్చనే అభిప్రాయం చవక బోర్డుల డిజైనర్లలో బాగా పాతుకుపోయింది. దాని బదులు తీగకో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే డీసీ ఆగుతుంది, సిగ్నల్ దాటుతుంది, లింక్ లైటు వెలుగుతుంది. ఇంకేం కావాలన్నది వాళ్ల వాదన. టేబుల్ మీద ఇది నిజమే. రెండు మీటర్ల కేబుల్‌తో, ఒకే ప్లగ్‌బోర్డు మీద నడిచే పరికరాల మధ్య ఎర్తు తేడా దాదాపు ఉండదు. కానీ ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్ల దాకా వెళ్తుంది. అవతలి కొస వేరే ఫేజు మీదో, వేరే భవనంలోనో ఉండొచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్ విలువ తెలిసేది అక్కడే. జతలోని రెండు తీగల మధ్య తేడాగా వచ్చే సిగ్నల్‌ను అది అయస్కాంత క్షేత్రం ద్వారా దాటిస్తుంది. రెండిటి మీదా ఒకేలా వచ్చే ఓల్టేజిని ఆపుతుంది. చుట్ల మధ్య మిగిలేది పికోఫారడ్లలో కొలిచే కెపాసిటెన్స్ మాత్రమే. 0.1 మైక్రోఫారడ్ అంటే దానికి వేల రెట్లు. పిడుగు ఎక్కడో పడినా కేబుల్‌లో సర్జ్ పుడుతుంది. మైక్రోసెకన్లలో లేచే ఆ ఓల్టేజి కెపాసిటర్ గుండా సూటిగా 3.3 ఓల్టుల చిప్ పిన్నుల మీద పడుతుంది.

పిడుగే అక్కర్లేదు. రెండు పిన్నుల అడాప్టర్‌తో నడిచే బోర్డు గ్రౌండుకూ ఎర్తుకూ మధ్య మీటరు పెడితే, చాలా అడాప్టర్లలో 100 ఓల్టులకు అటూ ఇటూగా ఏసీ చూపిస్తుంది. కరెంటు స్వల్పమే; కానీ ప్లగ్ గుచ్చే క్షణంలో ఆ చార్జి చిప్ గుండా పోతుంది.

ఈథర్‌నెట్‌కు సంబంధించిన ఐఈఈఈ 802.3 ప్రమాణం పోర్టు ఐసోలేషన్ 1500 ఓల్టుల ఏసీని ఒక నిమిషం తట్టుకోవాలంటుంది. 50 ఓల్టుల కెపాసిటర్‌కు ఆ పరీక్ష అసాధ్యం. 2 కిలోఓల్టుల రకం వాడితే మిగిలిందనుకున్న డబ్బు, స్థలం రెండూ దానికే పోతాయి. సర్జ్ మాత్రం అప్పుడూ ఆగదు.

అవతలి స్విచ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఎలాగూ ఉంటుందిగా అన్నది వీళ్ల వాదనల్లో బలమైనది. అయితే అది ఉన్నా కేబుల్ మొత్తం ఇవతలి చిప్‌కు అతుక్కునే ఉంటుంది. కేబుల్‌లో పుట్టిన సర్జ్‌కు ఆ చిప్పే దారి. అవతల కూడా ఇలాంటి చవక బోర్డే ఉంటే ఆ మాత్రం రక్షణా లేదు.

ఒకే బోర్డు మీద, ఒకే పెట్టెలో రెండు చిప్‌లను కలిపేటప్పుడు కెపాసిటర్లే సరైన ఎంపిక. కార్లలో వాడే 100బేస్-టీ1 కూడా కెపాసిటర్లతోనే నడుస్తుంది. అది 15 మీటర్ల తీగకు, కామన్ మోడ్ చోక్‌తో కలిపి రాసిన ప్రమాణం. ఆర్‌జే45 జాక్ అలా కాదు. అందులో కొన్నవాళ్లు ఏ కేబులైనా పెట్టొచ్చు. అలాంటి పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్ తీసేయడం పొదుపు కాదు, డిజైన్ లోపం.