ఆదివారము తొమ్మిదిన్నర గంటలకు

ఆదివారము సెలవుదినమని కచేరీలకును పాఠశాలలకును తెలియును, వంటింటికి తెలియదు. పురుషులును పిల్లలును ఇంటిపట్టున నుండుటచే నాడు స్త్రీకి పని రెట్టింపగునే గాని తగ్గదు. తలంటులు, బట్టల ఉతుకు, చుట్టముల రాక, మామూలు దినములకంటె రెండు కూరలు అధికము. ఇది సోదరీమణులకు మేము చెప్పవలసినది కాదు. అట్టి ఆదివారమున, గుంటూరు ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో, పొయ్యి ఆర్పి ఆడువారందరు ఒక్కచోట కూర్చుండిన గడియ యొకటి కొన్నియేండ్లపాటు ఉండెను. దానిని గూర్చియే ఈ మాసమున కొంత ముచ్చటింప దలచితిమి.

1987 జనవరి 25వ తేదీ ఆదివారము ఉదయము 9-30 గంటలకు రామానంద సాగరు గారి హిందీ 'రామాయణము' దూరదర్శనమున మొదలయ్యెను. 52 భాగములలో ముగింప దలచిన కథ 78 భాగములకు పెరిగి, 1988 జూలై 31న పట్టాభిషేకముతో నిలిచెను. అదే సంవత్సరము అక్టోబరు 2న బి. ఆర్. చోప్రా గారి 'మహాభారతము' ఆరంభమై, 94 భాగములు నడచి, 1990 జూన్ 24న ముగిసెను. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లోనే వెలసినను, పల్లెపట్టులకు బొమ్మ అందుటకు ఏండ్లు పట్టినది. మన యిండ్లలో కానవచ్చునది ఒక్కటే చానలు. ఇష్టమున్నను లేకున్నను ఊరెల్ల ఒకే బొమ్మను చూడవలసినదే.

ఊరికి నాలుగైదు పెట్టెలు. పత్తి బాగుగ పండిన యేట కొన్నవి కొన్ని, కోడలి సారెతో వచ్చినవి కొన్ని. డయనోరా, సాలిడేర్ వంటి పేర్లు గల ఆ పెట్టెలకు కొయ్యతలుపు లుండెడివి. పని లేనప్పుడు తలుపులు మూసి పైన లేసుగుడ్డ పరచుట యాచారము. మిద్దెపై పొడవాటి ఇనుపగొట్టమునకు ఏంటెనా. గాలి వీచినచో అది తిరిగి తెరపై చుక్కలు కురియును. కుర్రవాడొకడు మిద్దె యెక్కి గొట్టమును త్రిప్పుచు "వచ్చిందా?" యని కేకవేయుట, లోపలినుండి "వచ్చి పోయింది, ఇంకొంచెం ఇటు!" అని పది గొంతుకలు బదులిచ్చుట, దీనితోనే కథ ఆరంభమగుచుండెను.

కొందరిండ్లలో పెట్టెకు పూలదండ వేసి అగరువత్తి వెలిగించిరి. పెట్టెకు పూజయేమని నవ్వినవారు నాడును గలరు. మాకు నవ్వు రాలేదు. ఆ గడియ కూర్చుండుటకై తెల్లవారుజామున నాలుగింటికే లేచి, పాలు కాచి, పప్పు ఉడికించి, అన్నము వార్చి, తలకు పోసికొని వచ్చిన ఇల్లాండ్రను మే మెరుగుదుము. దేవుని పేరున గాక మరి యే పేరున అడిగినను ఆ ముప్పాతిక గంట వారికి దొరకెడిది కాదు. "రామాయణం చూస్తున్నాం" అన్నచో అత్తగారు కాదనలేదు. మగడు కాఫీ అడుగలేదు.

అందరికిని సమానముగ దొరకినదని మాత్రము వ్రాయజాలము. చావడిలో చాపలపై బంధువులు, ఇరుగుపొరుగువారు. గడపకు వెలుపల వసారాలో పత్తి తీయు కూలిస్త్రీలు. కిటికీ ఊచలు పట్టుకొని వారి పిల్లలు. ఒకే సీతమ్మను చూచి అందరును కంటతడి పెట్టిరి గాని, కూర్చుండు చోట్లు మారలేదు. అదిగాక మిరపకోతల దినములలో కూలికి ఆదివారమే లేదు. కోతకు పోయినవారు సాయంకాలము ఘాటునకు మండు చేతులతో వచ్చి, "ఇవాళ కథ ఎంతదాకా వచ్చిందమ్మా?" అని అడిగి, చూచినవారిచే చెప్పించుకొనెడివారు.

భాష హిందీ. దక్షిణభారత హిందీ ప్రచారసభవారి ప్రాథమిక, మధ్యమ పరీక్షలు పెండ్లికి ముందు వ్రాసి, ఆ పుస్తకములను అటకపై వేసిన కోడండ్రు ఊరికి ఒకరిద్దరుండిరి. వారి చదువునకు ఆ గడియలో ప్రయోజనము కలిగినది. అత్తగారు వెనుదిరిగి "ఏమన్నాడే?" అని కోడలిని అడుగుట మేము చూచితిమి. అంతకుముందు ఆ యింట కోడలిని అడిగి తెలిసికొన్నవారు లేరు.

కోడలికి మాటలు తెలియును. కథ తెలిసినది అవ్వకు. అక్షరము రాని ఆమె హరికథలు విని, బుర్రకథలు విని, 'ఊర్మిళాదేవి నిద్ర' పాటను పాడుకొని పెరిగినది. తెరపైని పాత్ర నోరు తెరవకమునుపే ఏమి పలుకునో చెప్పివేయును. నచ్చనిచోట "అది అలా కాదే, మనవాళ్లు వేరే చెబుతారు" అని వాల్మీకిని, మొల్లను, తన తల్లిని ఒక్కవరుసలో సాక్ష్యమునకు పిలుచును. రామునికి రామారావుగారి ముఖము లేకపోవుట మొదట పెద్ద కొరతగ నుండెను. ఆయన అప్పుడు ముఖ్యమంత్రిగ హైదరాబాదున రాజ్యకార్యములలో నుండిరి! కొన్ని వారములకు అరుణ్ గోవిల్ గారికి అలవాటుపడిరి.

ఆ పదునెనిమిది మాసములలోనే ఇంకొకటి జరిగెను. 1987-88 పంటకాలమున పత్తిచేలపై తెల్లదోమ పడెను. ఎంత మందు కొట్టినను చావదు. మందుమీద మందు, అప్పుమీద అప్పు. గుంటూరు ప్రకాశము జిల్లాలలో పత్తిరైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. పత్తిసొమ్ముతో వచ్చిన పెట్టె పత్తియప్పు క్రింద పోయిన యిండ్లును గలవు. మే మెరిగిన యొక పల్లెలో, అట్లు మగని పోగొట్టుకొన్న యిల్లాలు మైలదినములు గడచిన పిమ్మటయు చావడికి రాలేదు. పూజవంటి చోటికి విధవ ఎదురు రారాదని ఎవరో అనిరట. అశోకవనమున సీతమ్మ ఒంటరిగ దుఃఖించుట చూచి ముక్కు చీదినవారే, పక్కవీధిలో ఒంటరిగ నున్న యీమెను పిలువలేదు. మూడు ఆదివారములు గడచెను. నాలుగవనాడు ఆ యింటి యజమానురాలు, స్తంభము చాటున గొణుగుచున్నవారిని లెక్కచేయక, తానే పోయి చేయిపట్టి తోడ్కొనివచ్చి, తన చాపమీదనే ప్రక్కన కూర్చుండబెట్టినది. పేరు వ్రాయుటకు ఆ తల్లి మాకు అనుజ్ఞ ఇయ్యలేదు.

పట్టాభిషేకముతో కథ ఆపుట మన స్త్రీలకు నచ్చలేదు. 1963లో వచ్చిన 'లవకుశ' చిత్రమున అంజలీదేవి గారిని చూచి యేడ్చిన వారికి, సీత మరల అడవికి పోవుట లేని రామాయణము సగమే. దూరాన పంజాబులోని జలంధరమున, వాల్మీకిని తమవానిగ కొలుచు పారిశుద్ధ్య కార్మికులు ఉత్తరకథను కూడ చూపవలెనని 1988లో సమ్మెయే చేసిరి. వారి కారణము వేరు, మనవారి కారణము వేరు, కోరిక యొక్కటే. పిమ్మట లవకుశుల కథయు ప్రసారమయ్యెను.

ఇది మనకే పట్టిన వెర్రి యని తలపవలదు. బ్రిటనులో 1968-69 నడుమ బి.బి.సి.వారు 'ఫోర్సైట్ సాగా' యను కుటుంబకథను ఆదివారపు రాత్రులందు మరల ప్రసారము చేసినపుడు, కొన్ని చర్చిలవారు సాయంకాలపు ప్రార్థనవేళను ముందునకు జరిపిరి. అచ్చట ప్రార్థనవేళను జరిపిరి, ఇచ్చట వంటవేళను. అదే దేశమున 1957 వరకు సాయంకాలము ఆరునుండి ఏడు గంటలవరకు, చిన్నపిల్లలను పడుకోబెట్టుటకు వీలుగ, ప్రసారమునే ఆపివేసెడివారు. తల్లి పనికి గంటసేపు దారి విడిచిన ఏర్పాటు మాకు ముచ్చటగొలిపినది.

1995లో జెమిని, ఈటీవీ వచ్చినవి. తీగలద్వారా దినమంతయు తెలుగే, ఇంటింట పెట్టె. చావడిలోని చాపలు చుట్టి మూల నిలిపిరి. 2020లో మహమ్మారివలన దేశము తలుపులు మూసికొన్నపుడు, మార్చి 28 నుండి అదే రామాయణమును దూరదర్శనము మరల చూపినది, దినమునకు రెండు పర్యాయములు. ఎవరి యింట వారు చూచిరి. ఇంటిల్లిపాదియు ఇంటనే యున్న ఆ దినములలో, గరిటె చేతబట్టి వంటింటి గుమ్మమున నిలిచి, పోపు మాడునని మరల లోనికి పోయిన సోదరీమణులను మేము పెక్కుమందిని చూచితిమి.

నాటి చావడులలో కూర్చుండినవారు, వసారాలో నిలిచినవారు, కోతలకు పోయి కథ చెప్పించుకొన్నవారు, తమకు జ్ఞాపకమున్నంత వ్రాసి పంప గోరుచున్నాము. ముఖ్యముగ, ఆ ముప్పాతిక గంటసేపు చంటిపిల్లల నెవ రెత్తుకొనిరో వ్రాయుడు.