గోలీకి పేలే కారు సినిమాలోనే ఉంది

"సినిమాలో లాజిక్ వెతక్కు భాయ్, తమాషా చూసి ఇంటికెళ్ళు" అంటారు. చూస్తాను, నాకూ షౌకే. హీరో ఒంటిచేత్తో ఇరవై మందిని పడగొడితే నాకు పేచీ లేదు. ఎందుకంటే హాలు బయటికొచ్చాక దాన్ని ఎవరూ నమ్మరు. కానీ బందూకు గోలీ తగలగానే కారు ధమాకాతో గాల్లోకి లేస్తుందన్న ఝూట్ అలాంటిది కాదు. చదువుకున్నవాళ్ళు, రోజూ సొంత కారు నడిపేవాళ్ళు కూడా అదే హకీకత్ అనుకుంటున్నారు. నా పేచీ దీనితోనే.

వాళ్ళ దలీల్ ఒక్కటే: ట్యాంకులో పెట్రోలుంది, గోలీ వేడిగా ఉంటుంది, ఇంకేం కావాలి? చాలా కావాలి జనాబ్! పెట్రోలు ద్రవంగా మండదు. దాని నుంచి లేచే ఆవిరి మండుతుంది, అదీ గాలితో సరైన పాళ్ళలో కలిసినప్పుడే. నూటికి సుమారు 1.4 వంతుల కంటే ఆవిరి తక్కువైతే అంటుకోదు, 7.6 వంతులు దాటినా అంటుకోదు. మూత బిగించిన ట్యాంకులో, మన ఎండలకి, ఆవిరి ఆ పై హద్దును ఎప్పుడో దాటేసి ఉంటుంది. లోపల మంటకు సరిపడా గాలే ఉండదు.

ఇక గోలీ. మామూలు గోలీ అంటే సీసం ముద్ద, దాని మీద రాగి తొడుగు. ఇవి చెకుముకి రాయిలా నిప్పురవ్వలు రాల్చే లోహాలు కావు. పైగా ఈ కాలం కార్లలో చాలావాటికి ట్యాంకు ఇనుముది కాదు, ప్లాస్టిక్‌ది. గోలీ ఇటు దూరి అటు పోతుంది, బొక్క పడుతుంది, పెట్రోలు కారుతుంది. అంతే. అమెరికాలో 'మిత్‌బస్టర్స్' టీవీ కార్యక్రమం వాళ్ళు నిజంగానే కాల్చి చూశారు. మామూలు గోలీలకు బొక్కలే మిగిలాయి. దారంతా మండుతూ పోయే ట్రేసర్ గోలీని చాలా దూరం నుంచి కాల్చినప్పుడు మాత్రం మంట లేచింది. మన హీరో పిస్తోలులో ట్రేసర్లు ఎవరు నింపి పెట్టారో డైరెక్టర్ సాబే చెప్పాలి.

మన ఫ్యాక్షన్ సినిమాల కమాల్ ఇంకొకటి. అందులో లేచేవన్నీ టాటా సుమోలు. సుమోల్లో ఎక్కువ భాగం డీజిల్ బళ్ళు! మామూలు వేడిలో డీజిల్ నుంచి అంటుకునేంత ఆవిరే రాదు. గిన్నెలోని డీజిల్‌లో వెలిగించిన అగ్గిపుల్ల వేస్తే పుల్ల ఆరిపోతుంది (చేసి చూడమనడం లేదు, పాత లారీ మెకానిక్ ఎవరినైనా అడగండి). అదే సీనులో హీరో కారు తలుపు వెనక నక్కితే వంద గోలీలను ఆ తలుపు కిలా గోడలా ఆపేస్తుంది. నిజానికి ఆ పల్చటి రేకును రైఫిల్ గోలీ కాగితంలా చీలుస్తుంది. ఆగితే ఇంజను దిమ్మ దగ్గర ఆగాలి. అంటే ఆగని చోట ఆపుతారు, పేలని చోట పేలుస్తారు.

పెట్రోలు వదిలేద్దాం, హైడ్రోజన్ సంగతి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు వేసిన జర్మన్ గాలి ఓడల నిండా అదే. బ్రిటిష్ విమానాలు మామూలు గోలీలతో వాటికి తూట్లు పొడిచినా అవి దర్జాగా ఇంటికి తిరిగి వెళ్ళేవి. చివరికి పేలే గోలీలు, నిప్పు గోలీలు ప్రత్యేకంగా తయారు చేయాల్సి వచ్చింది. 1916 సెప్టెంబరు 3 తెల్లవారుజామున లీఫ్ రాబిన్సన్ అనే పైలట్ ఎస్‌ఎల్ 11 అనే ఓడను కూల్చింది వాటితోనే. అప్పుడు కూడా రెండు డ్రమ్ముల గోలీలు ఖాళీ అయినా ఏమీ కాలేదు. మూడో డ్రమ్ము మొత్తం ఒకే చోట దించితే అప్పుడు అంటుకుంది. ఇది సబూత్ కాకపోతే మరేది?

మరి తెర మీద కనిపించే ఆ నారింజ రంగు బంతి ఏమిటంటారా? అసలు ట్యాంకు ముందే తీసేస్తారు. బారూద్ మీద పెట్రోలు సంచులు పెట్టి, దూరం నుంచి కరెంటు తీగతో అంటిస్తారు. బారూద్ ఆ పెట్రోలును తుంపరగా ఎగజిమ్మితే ఆ బంతి వస్తుంది. నిజమైన బాంబు పేలితే కంటికి కనిపించేది ఒక మెరుపు, దుమ్ము, పొగ.

"అయితే ఏమైంది, జర సరదా" అనేవాళ్ళకు నా జవాబు రోడ్డు మీద ఉంది. కారు బోల్తా పడితే జనం పది గజాల దూరంలో నిలబడి "పేలుతుంది, దగ్గరికి పోకండి" అని అరుస్తారు. లోపల జఖ్మీ మూలుగుతుంటాడు. ఇంకొందరు అదే ఖౌఫ్‌తో పరిగెత్తి, మెడ విరిగినవాణ్ణి చేతులు పట్టి ఈడ్చేస్తారు. మంట, పొగ, కారుతున్న పెట్రోలు ఉంటే లాగాల్సిందే, క్షణం ఆలస్యం చేయొద్దు. అవేవీ లేనప్పుడు ఇగ్నిషన్ ఆపి, మెడ కదలకుండా పట్టుకుని 108 వచ్చేదాకా ఉండొచ్చు. సాయం చేసినవాళ్ళను కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ కూడా ఉంది. ఆ సంగతి ఏ హీరో చెప్పడు.

నిజమైన ఖతరా వేరే ఉంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఒక ప్రైవేటు ఏసీ బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును గుద్దింది. డీజిల్ ట్యాంకు చీలింది, మంట పట్టింది, 45 మంది కాలిపోయారు. ఇందాక డీజిల్ అంటుకోదన్నావు కదా అంటారేమో. గిన్నెలో నిలిచిన డీజిల్ వేరు, గుద్దుడుకు చిమ్మిన డీజిల్ వేడి లోహం మీదా నిప్పురవ్వల మీదా పడటం వేరు. అక్కడ ప్రాణాలు తీసింది సినిమా ధమాకా కాదు. మంట, పొగ, నిద్రలో ఉన్న జనం, బిగించిన అద్దాలు. బళ్ళు తగలబడేటప్పుడు వినిపించే ఢాం ఢాం శబ్దాలు చాలాసార్లు టైర్లవి. ఇంతా తెలిసి, బస్సెక్కగానే ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో చూసుకునేవాళ్ళు మనలో ఎందరు? కానీ ఎండాకాలం రాగానే "ట్యాంకు ఫుల్ చేయిస్తే పేలుతుంది" అని వాట్సాప్‌లో పంపడానికి మాత్రం అందరూ తయ్యార్. అది ఝూట్ అని ఇండియన్ ఆయిల్ వాళ్ళే చెప్పినా ఆగలేదు.

డైరెక్టర్ సాబ్‌లకు ఒక గుజారిష్. ఖౌఫే కావాలంటే ఇది తీయండి: ట్యాంకుకు గోలీ తగిలింది, ఏమీ పేలలేదు. పెట్రోలు బొట్టు బొట్టుగా కారుతోంది. గాలి కంటే బరువైన ఆవిరి, కంటికి కనపడకుండా, నేల మీద పాకుతూ పోతోంది. ఇరవై అడుగుల అవతల చాయ్ బండి దగ్గర స్టవ్ వెలుగుతోంది.